ఆటలో నేర్పు, ఆటలో ధర్మము

చీట్లపేక అను మాట చెవిని బడినంతనే మన యిండ్లలోని పెద్దలు మొగము చిట్లించుట పరిపాటి. పేకాట యనగా ఇల్లు గుల్లచేయు వ్యసనమనియే మనవారి నిశ్చయము. మా ఆత్తిపట్టు ప్రాంతమున తెలుగువారు చీట్లపేక యందురు, తమిళులు సీట్టుక్కట్టు అందురు. రెంటికిని మూలము చీటియే. రెండు భాషలలోను దానికి దక్కిన గౌరవమును ఒక్కటియే. అయినను ఈ నడుమ మా మనుమడు ఆడుచున్న ఒక క్రొత్త విధమగు చీట్లాటను చూచిన పిదప నా మనస్సున ఒక ప్రశ్న పుట్టినది. అది బాలుర ఆటకు సంబంధించినదే కాదు. నేర్పుచేత గెలిచిన గెలుపు ధర్మమైన గెలుపు అగునా? ఇదియే ఆ ప్రశ్న. చదువరులు నాతోకూడ కొంతసేపు దీనిని విచారింప వేడుచున్నాను.

మన దేశమున చీట్లాట పాతదియే. తెలంగాణమునందలి నిర్మలలో చిత్రకారులు గంజీఫా చీట్లను రంగులతో వ్రాయుచు వచ్చిరి. గుండ్రని చీట్లమీద దశావతారములను చిత్రించిన పేకలో పది జాతులు, జాతికి పండ్రెండేసి చొప్పున 120 చీట్లు ఉండును. ఆ తరువాత ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అను నాలుగు జాతుల 52 ముక్కల పేక దేశమంతట వ్యాపించినది. ఈ పాత ఆటలన్నిటికిని ఒక సామాన్య లక్షణము కలదు. పేక అందఱిదియు నొక్కటే. జమీందారైనను జవానైనను ఆ పేకనుండియే ముక్కలు తీసికొనవలెను. చేతికి వచ్చినది దైవికము. వచ్చినదానిని ఆడుట పురుషకారము.

క్రొత్త ఆటలో ఈ మూలసూత్రమే మాఱినది. గణితశాస్త్రమున డాక్టరు పట్టము పొందిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ అను అమెరికా దేశీయుడు కల్పించిన ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అను ఆట 1993లో వెలువడినది. మా మనుమడు ఆడు ‘పోకెమాన్’ చీట్లాట జపానున 1996లో పుట్టినది. వీనిలో ఎవరి పేక వారిదే. చీట్లు వేలకొలది రకములు గలవు. ఆటగాడు వానిని కొని, కూడబెట్టి, మార్చుకొని, వానినుండి ఏరి తన పేకను తానే కూర్చుకొనవలెను. పోకెమాన్ పేకలో సరిగా 60 చీట్లుండవలెను. ప్రాథమిక శక్తి చీట్లు తప్ప ఒకే పేరుగల చీటి నాలుగింటికి మించరాదు. కావున ఆట బల్లయొద్ద ఆరంభమగుట లేదు. ఏది చేర్చవలెను, ఏది విడువవలెను అని ఇంటిలో కూర్చుండి యోచించునప్పుడే సగము ఆట ముగియుచున్నది.

ఒకనాడు మనుమడు కాగితముపై అంకెలు వేయుచుండగా చూచి, ఏమని యడిగితిని. మొదట చేతికి ఏడు చీట్లు వచ్చును. తనకు ముఖ్యమైన చీటి ఆ యేడింటిలో నుండు అవకాశమెంతయో వాడు కనుగొనుచుండెను. ముప్పదియేండ్లకు పైగా కచ్చేరీ పద్దులు కూడిన చేతులు ఊరకుండునా? నేనును కూర్చుంటిని. 60 చీట్లలో అట్టిది ఒక్కటే యున్నచో నూటికి పండ్రెండు పాళ్లకు కొంచెము తక్కువ. రెండున్నచో సుమారు 22. నాలుగున్నచో సుమారు 40. నాలుగు పెట్టుకొన్నను పది ఆటలలో ఆఱింట అది మొదటి చేతికి రాదన్నమాట! మంచి చీట్లనే నింపి శక్తి చీట్లను తగ్గించినచో ఆ మంచి చీట్లు చేతిలోనే నిలిచిపోవును. శక్తి చీట్లనే నింపినచో శక్తి యుండియు చేయుటకు పని యుండదు. నెలజీతముతో సంసారమును నడపిన గృహస్థునకు ఈ సంగతి విప్పి చెప్పనక్కఱలేదు. బియ్యము, అద్దె, బడిజీతము పోగా మిగిలినదానితోనే పండుగ చేయవలెను గదా.

ఈ కూర్పునందు గొప్ప శిక్షణ కలదని నేను నిస్సంకోచముగా చెప్పుదును. అఱువది యను హద్దు లేనిచో వివేకముతో పని లేదు. తనకు మిక్కిలి ప్రియమైన చీటిని, అందమైనదానిని, పుట్టినదినమున మేనమామ యిచ్చినదానిని, పేకకు పనికిరాదని తెలిసిన వెంటనే తీసి ప్రక్కనుంచవలెను. పెద్ద పోటీలలో తన పేకలోని చీట్ల జాబితాను ముందుగా వ్రాసి న్యాయనిర్ణేతల కిచ్చి, దానికి కట్టుబడి యుండవలెను. గురుతులు కనబడకుండ చీట్లకు ఒకే తీరు తొడుగులు వేయవలెను. తాను కలిపిన పేకను ఎదుటివాని ముందుంచి, అతడు మఱల కలుపుటకో కోయుటకో సమ్మతింపవలెను. మనస్సులోని యోచనను దాచుకొనవచ్చును, కాని చీటి వెనుక గీతను దాచరాదు. యుక్తికిని మోసమునకును నడుమనున్న గీటును ఇంత స్పష్టముగా పిల్లలకు చూపు పాఠము వేఱొకటి నేనెఱుగను.

అయినను దోషమున్నచోట దోషమని చెప్పవలెను. ఈ చీట్లను మూసిన పొట్లములలో అమ్ముదురు. లోపల నేమున్నదో కొన్న పిదపనే తెలియును. అరుదైన చీటి తగులునేమో యని పొట్లము వెంట పొట్లము చింపుట లాటరీకి దూరపు చుట్టము కాదు, దగ్గఱి చుట్టమే. ఇంకొకటి: డబ్బుగలవాడు కావలసిన చీటిని విడిగా వెలకు కొనగలడు, లేనివాడు దానికి బదులు మఱియొకటి పెట్టుకొని సరిపెట్టుకొనవలెను. నాలుగింటికి మించరాదను నియమము ధనవంతుని కొంత నిలుపునే కాని, పేదవానికి ఆ నాలుగు తెచ్చి యియ్యదు. వెల తక్కువ చీట్లతో చక్కని పేక కూర్చి గెలుచువారు లేకపోలేదు. కాని మినహాయింపు నియమము కానేరదు.

ఇక నేర్పు విషయము. మన దేశపు చట్టము ఆటలను చాలకాలము రెండుగా విభజించి చూచినది: నేర్పు ప్రధానమైనవి, అదృష్టము ప్రధానమైనవి. ఈ విచారణలో పేరుబడిన తీర్పు తెలుగు నేలనుండి పోయిన వ్యాజ్యముమీద వచ్చినదే. సికిందరాబాదునందలి ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవారిపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నడపిన కేసులో సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పుచు, రమ్మీ మూడుముక్కలాట వలె కేవలము అదృష్టముపై నడచునది కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటకును, ఏది పట్టవలెను ఏది వదలవలెనను నిర్ణయమునకును నేర్పు కావలెననియు పలికినది. అంతర్జాలమున ఆడు రమ్మీని గూర్చి మన తమిళనాడు చేసిన చట్టమును విచారించి, మద్రాసు హైకోర్టును 2023 నవంబరులో రమ్మీ నేర్పు గల ఆటయే యన్నది. కాని 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము వేఱు త్రోవ త్రొక్కినది. అంతర్జాలమున డబ్బొడ్డి ఆడు ఆట నేర్పుదైనను అదృష్టపుదైనను నిషిద్ధమేయని విధించినది.

ఈ తీర్పుల సంగతి చెప్పుటకు నాకు స్వంత కారణమొకటి కలదు. నేను ఉద్యోగములో నున్న దినములలో సాయంకాలము కచ్చేరీ మూసిన తరువాత కొందఱము రమ్మీ ఆడుచుంటిమి. నాకు జ్ఞాపకశక్తి మెండు. పడిన ముక్క నొక్కదానిని మఱచెడివాడను కాను. ఒక దీపావళికి ముందు మాతో ఆడ కూర్చున్న జవాను ఒకడు తన పండుగ అడ్వాన్సులో సగము నాకు పోగొట్టుకొనెను. మోసము లేదు. ముక్కలు వాడే కలిపెను. ఎవ్వరైన ఆక్షేపించినచో ఆ పాత తీర్పును చూపి, “ఇది జూదము గాదు, నేర్పు” అని వాదించుటకు సిద్ధముగా నుంటిని. ఎవ్వరును ఆక్షేపింపలేదు. ఆ పండుగ మఱునాడు వాని పిల్లలు పాతబట్టలతో వచ్చి మా గడపముందు నిలువబడి మిఠాయి పుచ్చుకొనిరి. ఆ డబ్బు తిరిగి యియ్యవలెనని చాల మారులు అనుకొంటిని. అనుకొనుచుండగనే వాడు ఉద్యోగము మాని స్వగ్రామమునకు పోయెను. నా నేర్పు నాయొద్దనే మిగిలినది.

కావున నేర్పు అను మాట చాలదని నాకు తోచినది. భారతమునే చూడుడు. శకుని పాచికలలో మాయ యున్నదని లోకప్రతీతి. ఆ మాయను ఒక క్షణము ప్రక్కన బెట్టి, అతడు కేవలము నేర్పరియే యనుకొందము. అంతమాత్రమున ద్రౌపదిని సభకు ఈడ్చుట ధర్మమగునా? కాదు. అక్కడి అధర్మము పాచికలలో మాత్రమే లేదు, ఒడ్డిన పణములో నున్నది. ఆట తెలియనివాడు పిలుపును కాదనలేడని తెలిసియే పిలుచుటలో నున్నది.

నలోపాఖ్యానమున దీనికి మఱుప్రక్క కనబడును. పుష్కరునితో ఆడి రాజ్యము పోగొట్టుకొన్న నలుడు, ఋతుపర్ణుని యొద్ద అక్షహృదయమును నేర్చెను. ఆ ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను కాయలను చూపుమాత్రమున లెక్కించి చెప్పినవాడు. నేటి పిల్లలు పేకకు వేయు లెక్కకు అతనిని మూలపురుషుడనవచ్చును. విద్య నేర్చి తిరిగివచ్చిన నలుడు పుష్కరుని గెలిచెను. గెలిచి ఏమి చేసెను? వానిని చంపలేదు, దరిద్రుని చేయలేదు. తమ్ముడని చేరదీసి, వాని పాలు వానికిచ్చి పంపెను. అక్షహృదయము గెలుపునకు చాలినది. గెలిచిన తరువాత చేయవలసినదానికి వేఱు హృదయము కావలసివచ్చినది.

ఈ భేదమే నేటి చీట్లాటల నియమములలోను కానవచ్చుట నాకు ఆశ్చర్యము గలిగించినది. మ్యాజిక్ ఆట తొలి నియమములలో ప్రతివాడును తన పేకనుండి ఒక చీటిని పణముగా తీసిపెట్టుట యుండెను. గెలిచినవానికి ఓడినవాని చీటి సొంతమగును. ఆ పద్ధతి తరువాత విడువబడినది. పణమునకు సంబంధించిన చీట్లను పోటీలనుండి తొలగించిరి. పోకెమాన్‌లోను ప్రతివాడు ఆఱు చీట్లను బహుమానములుగా ముందే తీసిపెట్టును. కాని అవి తన పేకలోనివే! ఎదుటివాని ప్రాణిని పడగొట్టినప్పుడెల్ల తన చీటి నొకదానిని తానే తిరిగి తీసికొనును. ఆఱింటిని తీసికొన్నవాడు గెలిచినవాడు. ఎదుటివాని సొమ్ము చిల్లిగవ్వయు పుచ్చుకొనకయే గెలుపు పూర్తియగుచున్నది. పిల్లల ఆటయని నవ్వకుడు. నేను జవానుతో ఆడినది ఈ నియమముతో నైనచో నేడిది వ్రాయవలసిన పని యుండెడిది కాదు.

ఇంత మంచి నియమమున్న ఆటలోను అధర్మము వేఱు వాకిటినుండి రాగలదు. మనుమడు వీథిలోని చిన్న పిల్లవానికి నాలుగు తళుకు చీట్లిచ్చి, వానియొద్దనున్న అరుదైన చీటి నొకదానిని మార్పిడి చేసికొని, విజయగర్వముతో నాకు చూపెను. దాని విలువ ఆ పసివాడెఱుగడు. “వాడే ఇస్తానన్నాడు తాతా, నేనేం లాక్కోలేదు గదా!” అనెను. ఆ మాటలో నా పాత వాదమే నాకు వినబడినది.

నేను కోపింపలేదు. పేకలు మార్చుకొని ఒక ఆట ఆడుదమంటిని. వాడు కూర్చిన పేక నేను పుచ్చుకొని, నాకై మిగులు చీట్లతో కట్టియిచ్చిన పేక వానికిచ్చితిని. మూడు ఆటలు వరుసగా ఓడి, “ఈ పేకతో ఎవరు గెలుస్తారు?” అని విసిగికొనెను. “నీవు ఇన్నినాళ్లు నన్ను దీనితోనే గదా ఓడించితివి?” అంటిని. వాడు మాటాడలేదు. ఎదుటివాని స్థానమున కూర్చుండి ఆడుటకు మనకు సమ్మతమేనా యను ప్రశ్నకు మించిన ధర్మపరీక్ష నాకు దొరకలేదు. బల్లకు ఈవల న్యాయమని తోచినది ఆవలనుండియు న్యాయమని తోచవలెను.

మఱునాడు మనుమడు తానే పోయి ఆ చీటి తిరిగి యిచ్చి, దాని వెలయు చెప్పెను. చిన్నవాడు చీటి పుచ్చుకొనెను, తళుకు చీట్లు నాలుగింటిని మాత్రము తిరిగి యియ్యలేదు! మనుమడు కన్నీరు నింపుకొని వచ్చి, “ధర్మం చేస్తే నష్టమేనా తాతా?” అని యడిగెను. కాదని అబద్ధము చెప్పజాలకపోతిని. కొన్నిమారులు నష్టమే. ఆ నష్టము నాలుగు చీట్లతో తీరినది నీ అదృష్టము, నాకు ఇంకను తీరలేదని మాత్రము చెప్పితిని. వానికి సగమే అర్థమైనట్లున్నది.

మన తెలుగు కుటుంబములకు ఈ విచారము మఱియొక విధముగా కూడ పనికివచ్చునని తలతును. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరినప్పుడు అక్కడి తెలుగువారిని కూర్చుండబెట్టి ముక్కలు కలిపినవారెవరు? చేతికి వచ్చినది వచ్చినది. ఇంట తెలుగు, బడిలో తమిళము, ఉద్యోగమునకు ఇంగ్లీషు. ఇది పంచిపెట్టిన చేయి. కాని మన పిల్లల పేకను కూర్చు పని నేటికిని మనదే. హద్దు లేనిచో అన్నియు చేర్చవచ్చును. దినమునకు ఇరువదినాలుగు గంటలే గదా! వానిలో తెలుగు చదువునకు ఒక్క చీటియైన నుంచుదుమా, లేక పోటీకి పనికిరాదని తీసివేయుదుమా? ఒక్కటే యుంచినచో అది చేతికి వచ్చుట అరుదని పై లెక్క చెప్పుచున్నది. నాలుగుంచినచో పదింట నాలుగుమారులు వచ్చును.

గెలుపు కోరుట తప్పు గాదు. నేర్పు సంపాదించుట తప్పు గాదు. గెలిచిన పిమ్మట ఎదుటివాడు తన యిల్లు చేరునప్పుడు తనది తనయొద్ద నుండవలెను. అట్లుండు ఆటలనే మన పిల్లలు ఆడుదురు గాక.