మృతులను గూర్చి నిజము చెప్పవచ్చునా?



మన సంఘములలో వృద్ధురాలైన యొక తల్లి ప్రభువునందు నిద్రించినప్పుడు జ్ఞాపకార్థ కూడిక జరుగును. ఆనాడు ఒక కాగితము అచ్చువేయించి అందరికి పంచిపెట్టుదురు. పైన ఆమె ఫొటో, దాని క్రింద జనన మరణ తేదీలు, ఆ క్రింద ప్రేమామూర్తి, త్యాగశీలి, ప్రార్థనాపరురాలు, ఆదర్శమాత అను మాటలు. పేరొకటి మార్చినయెడల ఆ కాగితము వచ్చే నెల మరియొక ఇంటికిని పనికివచ్చును. నీవు కూడ అట్టిదానిని మడిచి కీర్తనల పుస్తకములో పెట్టుకొనియే యుందువు. అది చదివినందున ఆమె ఎట్టి మనిషియో నీకు తెలిసినదా?

చనిపోయినవారికి మనము చెల్లింపవలసినది మెప్పా, నిజమా? పోయినవారి తప్పులెన్నరాదని మన పెద్దలందురు. అందులో దయ యున్నది. మారు పలుకలేనివారిని నిందించుట పిరికితనమని నేనును ఒప్పుకొందును. అయినను ఆ దయ పేరట మనము ఆ మనిషినే మరుగుపరచుట కూడ జరుగుచున్నది.

యొప్పేలో దొర్కా మరణించిన సంగతి అపొస్తలుల కార్యముల గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో నున్నది. దగ్గరనున్న లుద్దనుండి పేతురును పిలిపించిరి. అతడు మేడగదిలోనికి రాగానే ఊరి విధవరాండ్రు ఏడ్చుచు అతని చుట్టు నిలిచిరి. వారు ఆమెను గూర్చి ఉపన్యసింపలేదు. ఆమె కుట్టియిచ్చిన బట్టలను చూపించిరి. ఈ ఘట్టమును నేను చదివినప్పుడెల్ల ఆ బట్టల యొద్దనే ఆగిపోవుదును. అంగీ కుట్టవలెనన్న కొలత తీయవలెను గదా. ఈమె భుజము వెడల్పు, ఈమె చేయి పొడవు అని దొర్కా ఒక్కొక్క బీదరాలిని వేరువేరుగా చూచియుండవలెను. విధవరాండ్రు పేతురునకు చూపినది ఆ చూపునే. దొర్కాకు భర్త యుండెనో, పిల్లలుండిరో లూకా వ్రాయలేదు. ఆమె సూది పట్టిన సాయంత్రములలో ఆమె యింట అన్నము వండినదెవరో మనకు తెలియదు.

ఈ చివరి ప్రశ్నను నా మనస్సులో నాటినది నెల్లూరు జిల్లాలోని యొక పంతులమ్మగారి జ్ఞాపకార్థ కూడిక. ఆమె యౌవనమంతయు ఒక పల్లె బడిలో గడచెను. పగలు బడి, సాయంకాలము పశువులు కాచుకొను పిల్లలకు లాంతరు వెలుగున అక్షరములు. పింఛను పుచ్చుకొన్న తరువాతనైనను ఆమె కూర్చుండలేదు. 1990-91లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము సాగినప్పుడు, జీతము లేని కార్యకర్తలలో ఆమెయు ఒకతె. నాట్లు వేసి వచ్చిన స్త్రీలు కాళ్ల బురద కడుగుకొని ఆమె అరుగుమీద పలకలు పట్టుకొని కూర్చుండెడివారు. “ఈ వయసులో మాకెందుకమ్మా ఈ చదువు?” అని ఒకతె యడిగితే, “బస్సు బోర్డు చదువుకోడానికి. అంతకంటే పెద్ద సంగతి తరవాత చూద్దాం” అన్నారట. కూతురు కుమారుడు, నాలుగేండ్లవాడు, ఆమె ఒడిలో కూర్చుండి ఆ స్త్రీలకంటె ముందుగా గుణింతము నేర్చుకొనెను.

ఆ పెద్ద సంగతి ఎట్లు వచ్చెనో చదువరులలో పలువురు ఎరుగుదురు. ఆ తరగతుల వాచకములో స్త్రీలు ఏకమై సారా దుకాణము మూయించిన కథ యొక పాఠముగా నుండెను. 1992లో దూబగుంట స్త్రీలు తమ యూరి సారా దుకాణమును నిజముగానే మూయించిరి. పోరాటము జిల్లాయంతటను, పిమ్మట రాష్ట్రమంతటను ప్రాకెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశ్‌లో సారాయి నిషేధింపబడెను. మా పంతులమ్మగారు ఆ పోరాటమునకు నాయకురాలు కారు. ఆమె పేరు ఏ పత్రికలోను పడలేదు. ఆమె అరుగుమీద చదువుకొన్నవారు అర్జీమీద వ్రేలిముద్ర వేయక సంతకము చేసిరి. ఆమె పని అంతవరకే.

కూడికలో ఈ సంగతులన్నియు చెప్పబడెను. సంఘ పెద్దలు మాటలాడిరి, పాత విద్యార్థులు మాటలాడిరి. చివర కుమార్తె లేచెను. ఆమెయు ఇప్పుడు అరువది దాటినదే. ఆమె చెప్పినది ఇంతే: “మా అమ్మ ఊళ్లో పిల్లలందరి చేతులూ పట్టుకుని రాయించింది. నా చెయ్యి పట్టుకోడానికి మాత్రం ఆమెకు సాయంత్రం దొరకలేదు. చీకటి పడితే నేను గడప మీద కూర్చుని లాంతరు ఎప్పుడు వస్తుందా అని చూసేదాన్ని. ఆ బాకీ నా పిల్లల దగ్గర తీర్చుకుంది. వాళ్లకు అన్నం కలిపి పెడుతుంటే ఆ వేళ్లకు ఇంకా సుద్ద వాసన ఉందేమో అని చూసేదాన్ని.”

సభ నిశ్శబ్దమాయెను. ఒక పెద్ద త్వరపడి కీర్తన నెత్తుకొనెను. బయటికి వచ్చిన తరువాత, తల్లి సమాధి ఆరకమునుపే అట్లు మాటలాడవచ్చునా యని కొందరు గొణుగుకొనిరి.

చదువరీ, నీవేమందువు? నామట్టుకు, ఆ దినమున పంతులమ్మగారిని మరల కన్నులకు కట్టించినది కుమార్తె యొక్కతెయే యని తోచుచున్నది. తక్కినవారు ఆమె పనిని చూపిరి, ఈమె ఆ పనికైన వెలను చూపెను. త్యాగశీలి యని మనము సులభముగా అందుము. ఎవరిని ఎవరు త్యాగము చేసిరి? తల్లి తన విశ్రాంతిని ఇచ్చెను, అది ఆమె సొత్తు. దానితోపాటు కుమార్తె సాయంత్రములును పోయినవి. ఆ ఎనిమిదేండ్ల పిల్లను ఎవరును అడుగలేదు.

అట్లయిన తల్లి ఇంటనే యుండవలసినదా? ఆ లాంతరు లేనియెడల పశువుల వెంట తిరిగెడి పిల్లలు అక్షరము ముఖము చూడకపోయెడివారు. గడపమీది పిల్ల ఒక్కతె, వారు నలువదిమంది. ఇది లెక్కవేసి తేల్చగల విషయమని నేననుకొనను. నలువది పెద్ద సంఖ్యయే గాని, ఒంటరిగా చీకటిలో కూర్చున్న బిడ్డకు ఆ సంఖ్య ఓదార్పు కాదు. నాకు కోపము వచ్చునది మరియొకచోట. ఆ పల్లె సంఘము ఆ సాయంత్రములను సంవత్సరముల తరబడి ఉచితముగా పుచ్చుకొనెను. ఒక్క పొరుగు ఇల్లాలైనను ఆ పిల్లను పిలిచి తన పిల్లలతో అన్నము పెట్టినయెడల, ఒక్క యువకుడైనను వారమునకు రెండు దినములు ఆ లాంతరు పట్టుకొనినయెడల, భారము ఆ చిన్న భుజములమీద పడకపోయెడిది. సేవ చేయువారిని పొగడుట మనకు చౌక. వారి పనిలో పాలుపుచ్చుకొనుట అంత చౌక కాదు.

అమ్మమ్మలను గూర్చి తలంచినప్పుడు లోయి జ్ఞాపకము వచ్చును. క్రొత్త నిబంధన గ్రీకులో అమ్మమ్మ యను అర్థమిచ్చు మాట ఒక్కసారియే, తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయములో, లోయిని గూర్చియే కనబడును. చెరసాలలోనున్న పౌలు ఆ మనుమని కన్నీళ్లు జ్ఞాపకము చేసికొని, ఆ వెంటనే అమ్మమ్మను, తల్లియైన యునీకేను ఒక్క వాక్యములో ప్రక్కప్రక్కన నిలువబెట్టెను. యునీకే గ్రీసు దేశస్థుని పెండ్లాడినది. కుమారునికి యూదుల మర్యాద ప్రకారము సున్నతి జరుగలేదు. ఆ యింట తల్లికిని కూతురికిని నడుమ అంతయు సాఫీగా సాగెనని నేను నమ్మజాలను. వారి మధ్య నడచినది మనకు చెప్పబడలేదు. పసితనమునుండి ఆ బిడ్డకు లేఖనములు తెలిసినవని మాత్రము చెప్పబడినది. తల్లికి నేర్పుటలో తప్పిపోయినది ఏదైన యున్నయెడల, మనుమని యొద్ద దానిని మరల చేపట్టుటకు లోయికి వీలు కలిగెనేమో. అమ్మమ్మలకు అట్టి రెండవ తరుణము దొరకుట మన యిండ్లలో చూచుచునే యున్నాము. కూతుళ్లు దానిని చూచి సంతోషింతురు, కొంత నొచ్చుకొందురు కూడ. ఆ రెండును ఒక్క హృదయములోనే యుండగలవు.

మీ యింట అట్టి కూడిక వచ్చినప్పుడు కాగితము వ్రాయువానికి ఒక మాట చెప్పుడి. విశేషణము లొక రెండు తగ్గించి, ఆమె చేతితో చేసిన వస్తువు నొకదానిని వ్రాయుమనుడి. ఇంటివారిని ముందుగా అడుగుడి. వారు చెప్పునది చేదుగా నున్నను పాట ఎత్తి ఆపకుడి. పగ తీర్చుకొనువాని మాటకును, దుఃఖపడువాని మాటకును భేదము వినువారికి తెలియకపోదు. పగగలవాడు సుద్ద వాసనను జ్ఞాపకముంచుకొనడు.

పంతులమ్మగారి సమాధిమీద రాయి నిలిపిరి గాని దానిపై ఏమి చెక్కించవలెనో ఇంకను తేలలేదు. సంఘము ‘పంతులమ్మ’ అనవలెనని కోరుచున్నది. మనుమడు ‘అమ్మమ్మ’ అనవలెనని పట్టుపట్టుచున్నాడు. ‘అమ్మ’ అను మాట అన్నిటికంటె పైన రావలెనని కుమార్తె చెప్పి, ఆ వరుసకు చోటు విడిపించినది. రెండు సంవత్సరముల అంకెలు మాత్రము చెక్కబడి, తక్కిన రాయి నున్నగా ఉన్నది.