మా కొండ, మన కొండ

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళ ఇళ్ళకి ఇండియా నించి అమ్మానాన్నలు వస్తే చూపించేవి దాదాపు అందరికీ ఒకటే: బోయింగ్ ఫ్యాక్టరీ, రెయినియర్ పర్వతం, స్నోక్వాల్మీ జలపాతం. నాకు మాత్రం వీటన్నిటికంటే దగ్గరి చుట్టం, నార్త్ బెండ్ ఊరి నెత్తిన నిలబడ్డ మౌంట్ సై. ఎత్తు 4,167 అడుగులు. ఎక్కి దిగడానికి ఎనిమిది మైళ్ళు. హెచ్-వన్ రోజుల్లో ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్నప్పుడు దిగులు పోగొట్టుకోడానికి ఎక్కడం మొదలుపెట్టాను. తరవాత గ్రీన్‌కార్డు వచ్చింది, ఇల్లు కొన్నాం, మోకాళ్ళ నొప్పులూ వచ్చాయి. ఎక్కడం మాత్రం మానలేదు. దాన్ని "మా కొండ" అనడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు.

నాన్న మొదటిసారి వచ్చినప్పుడు డెక్ మీద నిలబడి కాఫీ తాగుతూ అడిగారు.

"ఈ స్థలం ఎవరి దగ్గర కొన్నావురా?"

"బిల్డర్ దగ్గర."

"లింకు డాక్యుమెంట్లు చూశావా?"

ఇక్కడ అవన్నీ టైటిల్ కంపెనీ వెతుకుతుందనీ, పొరపాటుంటే నష్టం కట్టడానికి ఇన్సూరెన్స్ కూడా ఉంటుందనీ చెప్పాను. ఆయన వదల్లేదు. "అది సరే, మొట్టమొదటి లింకు ఎవరిది?"

మొట్టమొదటిది ఫెడరల్ ప్రభుత్వానిది. దానికి ఎలా వచ్చిందంటే, 1855 జనవరి 22న జరిగిన పాయింట్ ఎలియట్ ఒడంబడిక వల్ల. ఆ కాయితం మీద వేలిముద్రల బదులు ఇంటూ గుర్తులు పెట్టిన తెగల పెద్దల్లో స్నోక్వాల్మీ వాళ్ళున్నారు. మా కొండ వాళ్ళ కథల్లో చంద్రుడు. ఆకాశం నించి దిగి వస్తూ పడి చనిపోయాడట, ఆ శరీరమే కొండ. "సై" మటుకు 1862లో ఆ కొండ కింద కాపురం పెట్టిన జొసయ్యా మెరిట్ అనే ఆసామి ముద్దుపేరు. చంద్రుడి పేరు పోయి, కింద ఇల్లు కట్టుకున్నవాడి పేరు మిగిలింది.

నాన్న అలా అడగడానికి కారణం ఉంది. ఆయన అప్పటి తూర్పు గోదావరి జిల్లా రంపచోడవరంలో ఇరవై రెండేళ్ళు పంతులుగా చేశారు. నేను ఓనమాలు దిద్దింది అక్కడే. స్కూలు పక్కన అయిదు సెంట్లు కొని చిన్న ఇల్లు వేసుకోవాలని ఆయన కోరిక. కుదరలేదు. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది కదా, గిరిజనేతరులు అక్కడ భూమి కొనకూడదు. గిరిజనుల దగ్గరే కాదు, సాటి గిరిజనేతరుడి దగ్గర కూడా. తెలిసినవాళ్ళ పేరు మీద బినామీగా కొనుక్కున్నవాళ్ళు ఆ రోజుల్లో బోలెడు మంది. నాన్న కొనలేదు, అద్దెకే ఉన్నారు. అలాగని ఊరుకున్నారా అంటే అదీ లేదు. "ఇన్నేళ్ళు వీళ్ళ పిల్లలకి చదువు చెప్పినవాణ్ణి, నేను పరాయివాణ్ణా?" అని రాత్రి భోజనాల దగ్గర అమ్మ మీద విసుక్కునేవారు.

ఒక ప్రశ్న న్యాయంగానే వస్తుంది. తన పొలం తను ఎవరికి అమ్ముకోవాలో ఇంకొకరు శాసిస్తే అతనికి గౌరవం ఇచ్చినట్టా, చిన్నపిల్లవాడి కింద జమకట్టినట్టా? దానికి జవాబు అమెరికా చరిత్రలో నాకు దొరికింది. 1887లో డాస్ చట్టం తెగల ఉమ్మడి భూముల్ని మనిషికింత అని పంచి, కొన్నాళ్ళకి అమ్ముకునే హక్కు కూడా ఇచ్చింది. అప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నది సుమారు 13.8 కోట్ల ఎకరాలు. 1934 నాటికి మిగిలింది 4.8 కోట్లు. ఆ పోయినదాంట్లో అమ్ముకునే స్వేచ్ఛ ఖరీదు కూడా ఉందన్నమాట! అందుకని 1/70 మంచి చట్టమనే నేనంటాను, మా నాన్న ఇల్లు పోగొట్టుకున్నా సరే.

అదే న్యాయం నా ఇంటికి వర్తింపజేస్తే? స్నోక్వాల్మీ తెగకి 1953లో ప్రభుత్వ గుర్తింపు పోయింది, 1999లో మళ్ళీ వచ్చింది. 2019లో వాళ్ళు తమకి పవిత్రమైన జలపాతం పక్కనున్న లాడ్జినీ, చుట్టూ కొంత భూమినీ మరో తెగ దగ్గర పన్నెండున్నర కోట్ల డాలర్లకి కొనుక్కున్నారు. తాతల నేలని డబ్బు పోసి కొనుక్కోవడం! మనం పార్కింగు దొరక్క విసుక్కునేది ఆ జలపాతం దగ్గరే.

ఇక్కడ ఇప్పుడు మీటింగుల ముందు "మనం ఫలానా తెగవారి నేల మీద ఉన్నాం" అని నాలుగు వాక్యాలు చదువుతారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తరవాత మా గృహప్రవేశం గుర్తొచ్చింది. పంతులుగారు సంకల్పంలో జంబూద్వీపం తీసేసి క్రౌంచద్వీపం అని మార్చి చెప్పారు. నిలబడ్డ చోటు చెప్పుకోకుండా పని మొదలుపెట్టకపోవడం మనకీ ఆచారమే. కాకపోతే సంకల్పం అక్కడితో ఆగదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అని చెప్పాక "ఇది చేస్తాను" అని ముగుస్తుంది. వీళ్ళ నాలుగు వాక్యాల్లో ఆ చివరి మాట లేదు. మన సంకల్పంలోనేమో ఆ తెగవాళ్ళు లేరు.

సియాటిల్లో కొందరు దువామిష్ వాళ్ళకి నెలనెలా స్వచ్ఛందంగా అద్దె కడుతున్నారని, మనమూ స్నోక్వాల్మీ వాళ్ళకి అలా ఏదైనా పంపితే ఎలా ఉంటుందని నాన్నని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "పంపు, మంచిదే. కానీ అద్దె అనకు. అద్దె అంటే ఇంటాయన ఖాళీ చెయ్యమనగలగాలి. ఇది చందా" అన్నారు. ఇరవై రెండేళ్ళు అద్దె కట్టిన మనిషి మాటకి నా దగ్గర జవాబు లేదు. పంపుతున్నాను, చందా అనే రాసుకుంటున్నాను.

ఆ సంభాషణ ఎటుపోయి ఎటొచ్చిందో గానీ, నేను మాటల్లో మళ్ళీ "మా కొండ" అన్నాను. నాన్న నవ్వారు. ఇంగ్లీషువాడికి ఒక్క "అవర్" ఉంది, మనకి "మా" వేరు, "మన" వేరు. "మా" అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. "మన" అనాలంటే ఎదుటివాడు కూడా అందులో ఉండాలి.

రంపలో కొండరెడ్లు మాట్లాడేదీ తెలుగే. వాళ్ళు ఎప్పుడూ "మా కొండ" అనేవారట, నాన్నతో మాట్లాడేటప్పుడు మరీను. రిటైరైన రోజున స్కూల్లో శాలువా కప్పారు, గడియారం ఇచ్చారు. ఆ గడియారం ఏమైందో ఆయనకి తెలీదు. బస్సు దగ్గరికి సామాను మోసుకొచ్చిన ఒక కొండరెడ్డి ముసలాయన మాత్రం, "ఆషాఢం వెళ్ళాక ఒకసారి రండి మాష్టారూ, మన కొండ పచ్చగా ఉంటది" అన్నాడట. నాన్న ఆ మాట చెప్పి, కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, లోపలికి వెళ్ళిపోయారు.