ఆతిథ్యమిచ్చు సముద్రము

వాక్యభాగము: 1 పేతురు 1వ అధ్యాయము 1, 2 వచనములు, 4వ అధ్యాయము 9వ వచనము



పేతురు వ్రాసిన మొదటి పత్రిక తెరచినప్పుడు మనలో చాలమంది మొదటి వచనములోని దేశముల పేర్లను గబగబ చదివి దాటిపోవుదుము. పొంతు, గలతీయ, కప్పదొకియ, ఆసియ, బితూనియ. నోరు తిరుగని పేర్లు. సండే స్కూలు పిల్లలచేత వాటిని బట్టీ పట్టించుటకు నాకే మనసొప్పదు. అయినను ఈ నెల ఆ పేర్లయొద్దనే కొంతసేపు ఆగుదము. ఏలయనగా ఆ వరుసలో మొదటిదైన పొంతును, కడపటిదైన బితూనియయు ఒకే సముద్రపు ఒడ్డున ఉన్నవి. పత్రికను మోసుకొనిపోయినవాడు ఆ ఒడ్డున ఓడ దిగి, లోపలి దేశములన్నియు చుట్టి, తిరిగి ఆ ఒడ్డునకే చేరియుండునని కొందరు పండితుల తలంపు. ఆ సముద్రమే నల్ల సముద్రము.

దాని చుట్టు నేడు టర్కీ, బల్గేరియా, రొమేనియా, యుక్రెయిను, రష్యా, జార్జియా దేశములున్నవి. అది నలువైపుల నేలచేత మూయబడినది. బయటి సముద్రమునకు దానికున్న త్రోవ ఒక ఇరుకైన జలసంధి మాత్రమే. ఒకచోట దాని వెడల్పు ఇంచుమించు 700 మీటర్లు, అనగా మన సాగరు డ్యాము రాతికట్టడము పొడవులో దాదాపు సగము. ఆ వాకిలి ఎవరి చేతిలోనుండునో వారి చేతిలో ఆ నీళ్లన్నియు ఉండును. అందుచేతనే దానికొరకు ఇన్ని యుద్ధములు జరిగినవి.

ఆ నీళ్లలో ఒక వింత కలదు. పైభాగమున, సుమారు 150 మీటర్ల లోతువరకే చేపలు బ్రదుకును. అక్కడక్కడ మరికొంత లోతువరకు ప్రాణమున్నను, ఆ దిగువ, రెండు వేల మీటర్లు దాటిన అడుగువరకు, ప్రాణవాయువు లేదు. కుళ్లిన గ్రుడ్డు వాసన కొట్టు విషవాయువు నీటిలో కలిసియున్నది. చెక్కను తొలుచు పురుగైనను అక్కడ బ్రదుకదు గనుక మునిగిన ఓడ చెడిపోక అట్లే నిలుచును. బల్గేరియా తీరమున దాదాపు 2,400 సంవత్సరముల క్రిందటి గ్రీకు ఓడ స్తంభముతో సహా అడుగున నిలిచియున్నదని 2018లో ప్రకటించిరి. ఆ వార్త చదివినప్పుడు నాకు మన ఊరి పాతపగలు జ్ఞాపకము వచ్చినవి. వెలుతురు తగులని చోట ఏదియు కుళ్లి మట్టిలో కలియదు.

గ్రీకులు మొదట ఆ సముద్రమును ఆతిథ్యమెరుగనిదని పిలిచిరి. తుపానులకును, ఒడ్డుననున్న జనులకును భయపడిరి. తరువాత ఊళ్లు కట్టుకొని, వర్తకము సాగించి, ధాన్యమును చేపలను ఓడలకెత్తి లాభము చూచిన పిమ్మట పేరు మార్చి ఆతిథ్యమిచ్చు సముద్రమనిరి. ఎవరు ఎవరికి ఆతిథ్యమిచ్చిరో ఆ పేరు చెప్పదు. ఉత్తరపు గడ్డిమైదానములలో గుఱ్ఱములమీద తిరుగుచుండిన సిథియనులు ఆ నేలవారే. అయినను గ్రీకుల నోట వారి పేరు మొరటుతనమునకు మారుపేరైనది. పౌలు కొలొస్సయులకు వ్రాసినప్పుడు, క్రీస్తునందు పోయిన భేదముల పట్టికలో సిథియనుని పేరు ప్రత్యేకముగా ఎత్తి చెప్పుటకు కారణమిదియే. అందరు నవ్వు పేరునే ఏరి తెచ్చి పీటవేసి కూర్చుండబెట్టెను.

పొంతు వాడొకడు మనకు బాగుగా తెలిసినవాడే. డేరాలు కుట్టు అకుల. స్వదేశము విడిచి రోమాకు పోయెను. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమానుండి వెళ్లగొట్టగా కొరింథునకు వచ్చెను. రెండు మారులు ఊరు విడిచినవాడు. అట్టివాని ఇంటనే పౌలునకు చోటు దొరకినది, అట్టివాని ఇంటనే సంఘము కూడినది. సొంత మేడలున్నవారు కొరింథులో లేకపోలేదు.

ఇంచుమించు 112వ సంవత్సరమున ఆ పొంతు బితూనియలకు అధికారిగానుండిన ప్లినీ అనువాడు త్రాజాను చక్రవర్తికి ఒక ఉత్తరము వ్రాసెను. క్రైస్తవులు పట్టణములలోనే గాక పల్లెలలోను పెరుగుచున్నారు, వీరినేమి చేయవలెనని అడిగెను. సంగతి రాబట్టుటకై పరిచారికలనబడిన ఇద్దరు దాసీలను హింసపెట్టించితినని కూడ అందులో వ్రాసికొనెను. వారి పేర్లు వ్రాయలేదు. పరదేశులని పేతురు పిలిచిన సంఘము ఇట్టిది. పల్లెవారు, దాసీలు. నేను సెమినరీలో చదివిన దినములలో ఈ ఉత్తరమును పరీక్షకొరకు చదివితిని గాని ఆ ఇద్దరు స్త్రీలను గూర్చి ఎన్నడును ప్రార్థనలో తలంచలేదు.

ఆ తరువాతి చరిత్ర పొడుగైనది. రాజ్యములు మారుచు వచ్చినవి. ప్రతివారును తాము వచ్చిన దినమును మరచి, ఎదుటివాడు వచ్చిన దినమును జ్ఞాపకముంచుకొనిరి. 1783లో రష్యా రాణి కేథరిన్ క్రిమియాను కలుపుకొనగా అక్కడి తాతారులలో అనేకులు ఓడలెక్కి పోయిరి. 1864లో కాకసస్ ఒడ్డునుండి సిర్కాసియనులు లక్షలాదిగా తరుమబడిరి. 1923లో లోజాను ఒప్పందముచేత టర్కీలోని గ్రీకు క్రైస్తవులు ఇంచుమించు 12 లక్షలమందిని గ్రీసునకును, గ్రీసులోని మహమ్మదీయులు దాదాపు 4 లక్షలమందిని టర్కీకిని లెక్కవేసిరి. పొంతు ఒడ్డున తరతరములు కాపురమున్న క్రైస్తవులును అందులోనివారే. ఏ భాష మాటలాడుదువని అడుగలేదు, ఏ మతమని మాత్రమే అడిగిరి. టర్కీ భాష తప్ప వేరొకటి రాని క్రైస్తవులు తెలియని దేశమునకు పోయి అక్కడ పరదేశులైరి. 1944 మే 18న స్టాలిను ప్రభుత్వము క్రిమియా తాతారులను మూడు దినములలో 1,80,000 మందికి పైగా రైలుపెట్టెలలో కుక్కి తూర్పునకు పంపెను. ముసలివారు, పసిబిడ్డలు త్రోవలో చనిపోయిరి. వారి సంతానము అనేకులు తిరిగివచ్చుటకు నలువది సంవత్సరములకు పైగా పట్టినది.

ఇదంతయు మనకేల అని మీలో ఎవరైన అడుగవచ్చును. నల్గొండ ప్రాంతపు సంఘములవారు మాత్రము అడుగకూడదు.

నల్ల సముద్రమునకు చేర్చియున్న అజోవు అను చిన్న సముద్రపు ఉత్తరదిక్కున, మొలోచ్నా ఏటి ఒడ్డున, 1804 మొదలు మెన్నొనైటులను క్రైస్తవులు కాపురముండిరి. జర్మను భాష మాటలాడువారు, ఆయుధము పట్టనివారు. ప్రష్యాలో తమకు ఇరుకు కలిగినందున రష్యా ప్రభుత్వము భూములిచ్చెదమని పిలువగా వచ్చిరి. గోధుమ పండించి బెర్ద్యాన్స్కు రేవుకు బండ్లు తోలిరి. 1860 జనవరిలో వారిలో పదునెనిమిది కుటుంబముల పెద్దలు సంతకములు చేసి మెన్నొనైటు బ్రదరను సంఘమును ఆరంభించిరి. ఆ సంఘమునుండియే అబ్రాహాము ఫ్రీసెను, ఆయన భార్య మరియ 1889లో మన దేశమునకు వచ్చి, అమెరికా బాప్తిస్టు మిషనుతో కలిసి నల్గొండలో పని మొదలుపెట్టిరి. వారి వెనుక వచ్చినవారు సూర్యాపేట, జనగామ వైపు పని చేసిరి. మన తాతముత్తాతలు విన్న సువార్త వెనుక ఆ గోధుమ రైతుల కానుకలున్నవి.

వారిని పొగడి ఊరకుండుట నాకిష్టము లేదు. ఆ ఏటి ఒడ్డున వారికంటె ముందు నొగాయులను తాతారు పశులకాపరులుండిరి. ఇరువురు చాలకాలము ఇరుగుపొరుగుగా బ్రదికిరి. ఇక్కడ సంఘము పుట్టిన ఆ 1860 ప్రాంతముననే ఆ నొగాయులు తమ ఊళ్లు విడిచి టర్కీకి వెళ్లిపోయిరి. మెన్నొనైటులలోనే భూమి లేని కుటుంబములు అనేకములుండగా వారికి గ్రామసభలో ఓటు కూడ లేకుండెను, దానిమీద పెద్ద జగడము లేచెను. తరువాత వీరి వంతు వచ్చినది. 1919లో తిరుగుబాటు దళములు వారి పల్లెలపై పడి చంపిరి. కరవు వచ్చెను. నల్గొండకు వచ్చుచుండిన కానుకలు ఆగిపోయెను. 1923 మొదలు దాదాపు 20,000 మంది కెనడాకు పోయిరి. ఉండిపోయినవారిలో అనేకులను 1941లో ప్రభుత్వము తూర్పునకు తరలించెను.

2014లో రష్యా క్రిమియాను ఆక్రమించెను. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిను అంతటిమీద దండెత్తెను, కొద్ది దినములలోనే బెర్ద్యాన్స్కు రేవును పట్టుకొనెను. పొరుగువాని ఇల్లు చొరబడినవానిది తప్పు. ఆ మాట మ్రింగివేసి సమాధానమును గూర్చి ప్రసంగించుట నాకు చేతకాదు. వైద్యము చదువబోయిన మన తెలుగు పిల్లలు సరిహద్దులవరకు చలిలో నడచి వచ్చిరి. మన వంటయిండ్లలో పొద్దుతిరుగుడు నూనె ధర మండినది, ఆ గింజలు ఎక్కువగా అక్కడివే. ఐక్యరాజ్యసమితియు టర్కీయు కలుగజేసికొనగా 2022 జూలై మొదలు ఒక సంవత్సరముపాటు 3 కోట్ల టన్నులకు పైగా ధాన్యము ఆ నీళ్లమీదుగా బయటికి వచ్చెను. 2023 జూలైలో ఆ ఒప్పందమునుండి రష్యా తప్పుకొనెను.

ఇప్పుడు మన సంగతి. నిరుడు ఇటుకబట్టీలో పనికి ఒడిశానుండి వచ్చిన ఒక కుటుంబమున పసిబిడ్డ చనిపోయెను. తండ్రి రాత్రివేళ నాయొద్దకు వచ్చి, తామును ప్రభువును నమ్మినవారమేననియు, మన సమాధుల తోటలో మూరెడు చోటు ఇప్పించుమనియు వచ్చీరాని తెలుగులో అడిగెను. నేను పెద్దలను కూర్చితిని. “అయ్యగారూ, ఇయ్యాల ఒకరికిస్తే రేపు పదిమంది వస్తరు. ఇది మన తాతల జాగ” అని ఒకరనిరి. కడమవారు తలలూపిరి. నేను వారిని తప్పుపట్టుటలేదు. నేనును నోరు మెదపలేదు. ఆ బిడ్డను చెరువు అలుగు ప్రక్కన పూడ్చిరి. ప్రార్థన చేయుటకు వెళ్లితిని, అంతే.

తాతల జాగ అను మాట తరువాత నన్ను నిద్రపోనియ్యలేదు. సంఘపు పెట్టెలోని పాత దస్తావేజు తీసి చూచితిని. పాత గేటువైపు సగము తోట మిషనువారు డబ్బు కట్టి కొన్నది. మన తాతలు అంతకుముందు తమ చచ్చినవారిని ఎక్కడ పూడ్చుకొనిరో ముసలివారిని అడుగుడి, చెప్పుదురు. ఊరివారు వారికిని చోటియ్యలేదు.

ఆ కుటుంబము ఈ సంవత్సరమును బట్టీకి వచ్చియున్నది. ఆ తండ్రి రెండు ఆదివారములు ఆరాధనకు వచ్చి, చెప్పులు విడుచుచోట, గడపకు ఆనుకొని కూర్చుండెను. ముందుకు రమ్మని ఎవరును పిలువలేదు. పేతురు తన పత్రిక నాలుగవ అధ్యాయములో ఆతిథ్యమును గూర్చి చెప్పుచు, సణుగుడు లేకుండ చేయుమని కలిపి వ్రాసెను. ఆ ఒడ్డున సణిగినవారు ఉండబట్టియే అట్లు వ్రాసియుండును.

వచ్చే నెల మొదటి శనివారము సాయంకాలము కమిటీ కూడినప్పుడు సమాధుల తోట సంగతి మరల ఎత్తుదును. పెద్దలు, స్త్రీల సమాజమువారు, యౌవనస్థులు తప్పక రావలెను. ఆ బిడ్డ తండ్రికి కూడ కబురు పంపితిని. ప్రార్థనకు ముందు ఆ అయిదు పేర్లను ఈసారి నిదానముగా చదివెదను.