పిట్టగోడ ఎవరు కట్టవలెను?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములోని 8వ వచనమును మన కూటములలో చదువుట అరుదు. క్రొత్త యిల్లు కట్టువాడు మేడ చుట్టును పిట్టగోడ పెట్టవలెనను ఆజ్ఞ అది. పెట్టనందున ఎవరైన పడినయెడల ఆ దోషము ఇంటివానిదే. ఆ దేశములో మేడలు చదునుగా నుండెడివి. రాహాబు జనుపకట్టె ఆరవేసినది మేడమీదనే గదా! మేడ పనిస్థలము, గనుక ఇది పనిస్థలమును గూర్చిన ఆజ్ఞ. ధర్మశాస్త్రము ఇచ్చట నడచువానితో జాగ్రత్తగా నడువుమని చెప్పలేదు. కట్టువానితో మాటలాడినది. అదియు ఎవరును పడకమునుపే.

ప్రియులారా, మనలో అనేకులకు మేడలు లేవు, పత్తి చేలును మిరప చేలును కలవు. సొంతమో కౌలో, పురుగు పట్టగానే మందు కొట్టించుచున్నాము. కొట్టువాడు తరచుగా మన సంఘపు సహోదరుడే. పంపు కారి వాని వీపు తడియును. నాజిలు పూడుకొనిన నోటితో ఊదును. మధ్యాహ్నమునకు తల తిరిగి, చెమటలు పోసి, వాంతి చేసికొనును. మజ్జిగ త్రాగించి నీడను పండుకొనబెట్టుదుము. మరునాడు లేచి వచ్చిన, “గట్టివాడు” అందుము.

ఈ మందులలో అనేకములు నోటిద్వారానే గాక చర్మముద్వారాను లోనికి పోవును. తడిసిన చొక్కా ఒంటిమీదనున్నంతసేపు విషము ఎక్కుచునే యుండును. కొన్ని జాతుల మందులు నరములకును కండరములకును మధ్య జరుగు పనిని చెరుపును. అందువలననే చొంగ కారుట, కంటిపాప సూదిమొనంత చిన్నదగుట, ఊపిరాడకపోవుట. దీనికి మజ్జిగ మందు కాదు. బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, డబ్బా చేతబట్టుకొని ఆసుపత్రికి పోవలెను. ఏ మందో తెలిసిననే వైద్యునికి విరుగుడు తెలియును.

పెన్‌గంగకు ఆవల, ఆదిలాబాదు ప్రక్కనున్న యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొట్టినవారిలో 20 మందికి పైగా చనిపోయిరి, వందలమంది ఆసుపత్రుల పాలైరి. ఆ యేడు పత్తి మనిషి ఎత్తు పెరిగినది. తలపైకి కొట్టిన మందు ముఖముమీదనే పడినది. వారును మనవలెనే కూలికి పోయినవారు, కౌలు చేసినవారు.

మనకు తెలియదని చెప్పగలమా? 1958లో కేరళలో పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా చనిపోయిరి. 1968లో పురుగుమందుల చట్టము వచ్చెను, 1971లో నిబంధనలు వచ్చెను. మందుతో పనిచేయువారికి రక్షణ దుస్తులును, ముక్కుకు సాధనమును, వైద్యపరీక్షయు ఉండవలెనని వాటిలో నున్నది. డబ్బామీద రంగు గుర్తు కలదు: ఎరుపు మిక్కిలి ఘోరమైనది, తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. పొడుచు ఎద్దని ముందే తెలిసియు కట్టివేయని యజమానునికి నిర్గమకాండము 21వ అధ్యాయములో వేరుగా తీర్పున్నది. ఎర్ర గుర్తు చూచి చేతికిచ్చిన మనకు ఆ తీర్పు వర్తించదందుమా?

ఇక్కడ ఒక మాట వచ్చును, అది తేలికైన మాట కాదు. “మేము బలవంతము చేయలేదు. అడిగి వచ్చెను, కూలి పుచ్చుకొనెను. మాస్కు ఇచ్చినను ఉక్కపోయుచున్నదని తీసివైచెను.” ఇది నిజమే. అయితే దావీదు సంగతి చూడుడి. బేత్లెహేము బావి నీళ్లకు అతడు ఆశపడగా ముగ్గురు శూరులు ఫిలిష్తీయుల దండులోనుండి చొరబడి తెచ్చిరి. ఎవరును వారిని పంపలేదు, తామే పోయిరి. అయినను దావీదు ఆ నీళ్లు త్రాగక పారబోసెను, వారి ప్రాణము ఆ పాత్రలో నున్నదని యెంచెను. వారి యిష్టము అతని లెక్కను కొట్టివేయలేదు. ఇష్టముతో పోయినవారి విషయమే అట్లుండగా, ఇంట బియ్యము లేక ఒప్పుకొనినవాని ఒప్పుదల మనలను ఎంతవరకు విడిపించును?

మాస్కు మంచిదే, గాని అది కడపటిది. మొదట, ఈ మందు కొట్టవలసినదేనా? అంగడివాడు చెప్పినందుకా, పురుగును లెక్కించి చూచినందుకా? కొట్టవలసినయెడల ఎర్ర గుర్తు బదులు తక్కువ విషముగలది దొరకదా? కారుచున్న పంపు బాగుచేయించితిమా? సబ్బు, నీళ్లు గట్టుమీద నున్నవా? ఆ బట్టలు ఉదుకు ఇల్లాలిని ఎవరును లెక్కలో పెట్టరు. ఆమెకును విషము తగులును. ఇవన్నియు పని చేయించువాడు చూడవలసినవి. కూలివాడు ముఖమునకు గుడ్డ కట్టుకొనుటతో ఇవి తీరవు.

ఇందులో మనకు మిక్కిలి కష్టమైనది కూలి లెక్క. అనేకచోట్ల ట్యాంకుకు ఇంతయని ఇచ్చుచున్నాము. గాలి ఎదురు తిరిగినప్పుడు ఆగినవానికి నష్టము, ఆగనివానికి లాభము. జాగ్రత్తపడినవానిని మన లెక్కయే దండించుచున్నది. దినకూలి ఇత్తుమన్న, అప్పుచేసి కౌలు కట్టినవాడు తట్టుకొనగలడా? మనలో కొందరు ఈ యేడు అట్లు ఇచ్చి చూచిరి. ఖర్చు పెరిగినది, అది దాచము. వచ్చే మంగళవారము ప్రార్థన తరువాత కౌలుదారులు, కూలివారు కలిసి కూర్చుండి ఒక్క సంగతి తేల్చుకొనవలెనని అనుకొనుచున్నాము: గాలి లేచి, పంపు దింపి, వేపచెట్టు క్రింద కూర్చున్న ఆ రెండు గంటల కూలి ఎవరు భరించవలెను?