కానుకపై చుట్టిన గుడ్డ



కానుకలు ఇచ్చిపుచ్చుకుంటే పరస్పర ప్రేమ పెరుగుతుందని దైవప్రవక్త (స) ప్రబోధించారు. పొరుగింటి నుంచి గొర్రె గిట్ట వచ్చినా సరే, దాన్ని చులకన చేయరాదని స్త్రీలకు ప్రత్యేకంగా బోధించారు (బుఖారీ).

మరి నేడు మన ఇళ్ళలో ఏం జరుగుతోంది? ఈద్ నాడైనా, పెళ్ళిలోనైనా కానుక కంటే ముందు దానిపై ఉన్న మెరుపు కాగితాన్నే చూస్తున్నాము. పిల్లలు దాన్ని క్షణంలో చించేస్తారు. ప్లాస్టిక్ పూత ఉన్న ఆ కాగితం చివరికి చెత్తకుప్పకు చేరుతుంది. అంతకంటే పెద్ద నష్టం మరొకటుంది. అలాంటి పొట్లం కట్టించే స్తోమత లేని ఖాలా తన సంచిలోని కానుకను నలుగురిలో బయటికి తీయడానికి సిగ్గుపడుతుంది. ఒక్కోసారి రావడమే మానుకుంటుంది. ప్రేమను పెంచవలసిన కానుకే బంధుత్వానికి అడ్డుగోడ అవుతోంది!

దుబారా చేసేవారిని దివ్య ఖుర్ఆన్ షైతాను సోదరులుగా పేర్కొన్నది (17:27). దానికి ముందు ఆయతును కూడా గమనించండి. బంధువుల, నిరుపేదల, బాటసారుల హక్కు చెల్లించాలన్న ఆజ్ఞ అక్కడే ఉంది. మనం దుబారా చేసే సొమ్ములో వారి హక్కు కూడా ఉండవచ్చు.

పరిష్కారం మన పెద్దల ఇళ్ళలోనే ఉంది. నానీలు, దాదీలు బట్టలను బుక్చాలో కట్టి దాచేవారు. తుర్కియేలో పెళ్ళి కానుకలను బొహ్చా అనే చదరపు గుడ్డలో చుట్టి పంపే ఆనవాయితీ ఉంది. మన బుక్చా ఆ మాటే. శుభ్రమైన పాత దుపట్టాను చదరంగా కత్తిరించి, అంచులు కుట్టండి. కానుకను మధ్యలో పెట్టి, ఎదురెదురు కొనలను కలిపి ముడి వేయండి. తీసుకున్నవారింట్లో అది రొట్టెల గుడ్డ అవుతుంది, లేదా మరో కానుకను చుట్టుకొని ఇంకో ఇంటికి వెళుతుంది. దైవప్రవక్త (స) తమ దుస్తులను స్వయంగా కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (ర.అన్హా) తెలిపారు. కనుక పాత గుడ్డకు కుట్టు వేయడం నామోషీ కాదు.

అయితే ఒక హెచ్చరిక. కాగితం చుట్టడం హరాం అని చెప్పడం మా ఉద్దేశం కాదు. గుడ్డ చుట్టినంత మాత్రాన పుణ్యమూ రాదు. గొప్ప కోసం జరీ పట్టు కొని చుడితే అదీ ప్రదర్శనాబుద్ధే. అల్లాహ్ వద్ద లెక్కకు వచ్చేది మన సంకల్పమే.

ఈసారి ఈద్‌కు ఒక్క గుడ్డ మూట కట్టుకొని, ముందుగా ఆ ఖాలా ఇంటికే వెళ్ళండి. దైవప్రసన్నత కోసమే ఇచ్చే, పుచ్చుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.