పుస్తకంలోంచి స్వరం

మైపాడు, కృష్ణపట్నం తీరాల్లో ఈ పొద్దున రేడియో వింటున్నవాళ్లలో, గురువు దొరక్క పుస్తకం పట్టుకుని సంగీతం నేర్చుకునేవాళ్లూ ఉండొచ్చు. వాళ్లకే ఈ నాలుగు మాటలు.

సరళీ స్వరాలు మొదలుపెట్టే రాగం మాయామాళవగౌళ. 72 మేళకర్త రాగాల్లో అది ఎన్నోది? బట్టీ పట్టక్కర్లేదు. రాగం పేరులో మొదటి రెండక్షరాలకు అంకెలు చెప్పే కటపయాది లెక్కలో ‘మ’ అయిదు, ‘య’ ఒకటి. తిరగేసి చదివితే 15. ధీరశంకరాభరణం చూడండి: ‘ధ’ తొమ్మిది, ‘ర’ రెండు, అంటే 29. ఈపాటి శాస్త్రం పుస్తకమే చెప్పేస్తుంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని అచ్చువేయించింది తెలుగు లిపిలోనే. గమకాలకు కూడా గుర్తులు పెట్టారాయన! అయినా గుర్తు చూస్తే గొంతు ఊగదు. దానికి వినికిడే దిక్కు.

మన నెల్లూరు గాయకుడు ఎస్పీ బాలు శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు. అయినా ‘శంకరాభరణం’ సినిమా పాటకు జాతీయ పురస్కారం అందుకున్నారు. చెవి అలాంటిది. తండ్రి సాంబమూర్తిగారు హరికథకులు, ఇంట్లోనే పాట ఉంది; అదీ మరవకూడదు.

కాబట్టి పుస్తకం తెరిచేముందు శ్రుతిపెట్టె మోగించండి. ఏ రాగం పాఠం చదివితే, ఆ రాగంలో ఒక కీర్తన ఆ రోజే వినండి.