నెమ్మదా, భయమా?



శంషాబాద్ విమానాశ్రయంలో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం వారి జాగిలాలను మీలో కొందరు చూసే ఉంటారు. జనం తోసుకుపోతున్నా, పసిపిల్లలు ఏడుస్తున్నా అవి చలించవు. పేలుడు పదార్థాల జాగిలం వాసన పట్టినా మొరగదు, మెదలకుండా కూర్చుంటుంది. అదే దాని సంకేతం.

మన ఇంటి కుక్క మాటేమిటి? రోజంతా గొలుసుతో కట్టివేస్తాం. చుట్టం వస్తే అది ఎగబడుతుంది. కర్ర ఎత్తుతాం, నోరు మూస్తుంది. బుద్ధి వచ్చిందని సంతోషిస్తాం.

ఈ రెండు నెమ్మదులూ ఒకటేనా? కావు. మంచి శిక్షకుడు కొత్తవారిని ముందు దూరం నుంచే చూపిస్తాడు. కుక్క నెమ్మదిగా ఉన్నప్పుడల్లా చిన్న తినుబండారం ఇచ్చి మెచ్చుకుంటాడు. రోజురోజుకూ దూరం తగ్గిస్తాడు. మనిషి వస్తే మేలు జరుగుతుందని అది నేర్చుకుంటుంది. కర్ర దెబ్బ తిన్నదేమో, మనిషి వస్తే దెబ్బ పడుతుందని నేర్చుకుంటుంది. గుర్రుమనడం మానుతుంది గాని భయం మానదు. ఒకనాడు ఏ హెచ్చరికా లేకుండా పసివాడి చేయి పట్టుకుంటుంది.

అప్పుడు తప్పు ఎవరిది? 13వ శతాబ్దపు తత్వవేత్త పునీత తోమాసు అక్వినాసు ఈ సంగతి ఆలోచించారు. మనిషి జంతువుకు అలవాటు నేర్పగలడు. ఆ అలవాటును వాడాలో మానాలో ఎంచుకునే ఇచ్ఛ మాత్రం దానికి లేదన్నారు. కాబట్టి నేర్పినవాడే జవాబుదారీ.

పిల్లలకు ఆ ఇచ్ఛ ఉంది. అయినా బెత్తంతో వారినీ నిశ్శబ్దం చేయగలం. ఈ సాయంత్రం తండ్రి గడపలో అడుగుపెట్టగానే ఇల్లు నిశ్శబ్దమైతే, అది ఏ నెమ్మదో ఒకసారి ఆలోచించండి.